నేలను కలిపితే తొమ్మిది

2023 ఫిబ్రవరి రెండవ తేదీ, గురువారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు కోరుట్లలోని మా జాగాలో కొత్త ఇంటికి ముగ్గు పోశారు. ఆకాశంలో మబ్బు లేదు. ఈశాన్యం నుంచి సన్నని గాలి. సంచిలో వెంట తీసుకుపోయిన ఉష్ణమాపకం పదిహేడు డిగ్రీలు చూపింది.

ఇంటి పొడవు నలభై అడుగులు, వెడల్పు ముప్పై. కాబట్టి మూల నుంచి మూలకు సరిగ్గా యాభై రావాలి. తాపీపని చేసే సుతారి దారం లాగి, సున్నం చల్లి, చేతులు దులుపుకున్న తరువాత నేను టేపు పెట్టి చూశాను. అర్ధ అంగుళం తక్కువ వచ్చింది.

"పెద్దసాబ్, అర్ధ అంగుళమంటే ముగ్గు మందమే ఉంటది," అన్నాడు సుతారి.

"అయితే ముగ్గు సన్నగ పొయ్యి, భాయ్," అన్నాను.

ఆయన నా ముఖం చూసి, నవ్వి, మళ్లీ దారం లాగాడు. కోరుట్లలోనే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం వారిది. తండ్రి కూడా సుతారే. ఇంట్లో ఉర్దూ, పని దగ్గర తెలుగు, కోపం వస్తే రెండూ. ఆయనకు కోపం తెప్పించే అవకాశాలు తరువాతి ఏడాదిలో నేను చాలానే కల్పించాను.

నేను ఇరవై తొమ్మిదేళ్లు చెరకు బండ్లు తూచే కాటా దగ్గర గుమస్తాగా పనిచేశాను. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే నిజమని, తక్కినదంతా మాటలని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. ఏడాదికొక డైరీ చొప్పున అప్పటి నుంచి ఇప్పటి వరకు రాసినవన్నీ భద్రంగా ఉన్నాయి. వాటి సంగతి తరువాత వస్తుంది.

ఇల్లు కట్టాలన్న నిర్ణయానికి కారణం నా భార్య మోకాళ్లు. మేము జగిత్యాలలో ఒక మేడ మీది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. ఆ మేడకు ఇరవై రెండు మెట్లు, ఒక్కొక్కటి ఏడున్నర అంగుళాల ఎత్తు. ముగ్గు పోసిన నాటికి ఆమె ఆ మెట్లు దిగి నాలుగు నెలల పదకొండు రోజులైంది. ఆ చివరిసారి కూడా నేనూ పక్కవాటా ఆయనా చెరొక చేయి పట్టుకొని పైకి తెచ్చాం. పైకి వచ్చిన తరువాత ఆమె పది నిమిషాలు మోకాళ్లు రాసుకుంది. పదకొండో నిమిషంలో మాట్లాడింది.

"కొత్త ఇల్లు కడితే కట్టు. గని ఎత్తుకపోయి కూసోవెట్టే ఇల్లయితే నాకొద్దు. నా కాళ్లతోని నేనెక్కుత. ఎక్కలేనంటె గీ కిరాయింట్లనే ఉంట."

ఆమె ఒకసారి అన్న మాట రెండవసారి అనదు. కాబట్టి నేను కట్టించవలసింది నలభై అడుగుల ఇల్లు కాదు, ఆమె ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కగల కొన్ని అంగుళాలు.

పని మొదలైనప్పటి నుంచి ప్రతి ఉదయం జగిత్యాలలో బస్సెక్కి కోరుట్లలో దిగేవాణ్ణి. సాయంత్రం ఆరింటికి తిరిగి వచ్చి ఆమెకు ఆ రోజు లెక్క చెప్పేవాణ్ణి. ఆమె ఇల్లు చూడలేదు; ఆమెకు ఇల్లంటే నా అంకెలే. ఒకనాడు ఇలా జరిగింది.

"ఇయ్యాల ఏమైంది?"

"తూర్పు గోడ పద్నాలుగు వరుసలు లేసింది. కిటికీ అడుగు నేల నుంచి రెండడుగుల నాలుగంగుళాలు."

"గది గాదు. ఆ కిటికీ కాడ కూసుంటే నాకేం కనవడతది?"

మరునాడు ఒక కుర్చీ అడిగి తెచ్చుకొని, ఇంకా కప్పు లేని గదిలో కూర్చొని చూశాను. సుతారి, కూలీలు పని ఆపి నన్ను చూశారు. సాయంత్రం చెప్పాను: "పక్కింటోళ్ల జామచెట్టు కనవడతది. మన దిక్కుకు పదకొండు కొమ్మలున్నయి."

"కాయలున్నయా?"

"అవి లెక్కవెట్టలే."

"అసలుది ఇడిసిపెట్టి కొమ్మలు లెక్కవెట్టి వచ్చినవా!"

సిరిసిల్లలో ఉండే మా బిడ్డది మరొక ఫిర్యాదు. ఆమె భర్తకు అక్కడ మరమగ్గాలున్నాయి. కుటుంబమంతా కలిసిన వాట్సాప్ గ్రూపులో నేను రోజూ కొలతలు పెడితే, "బాపూ, నీకు దండం వెడత. అంకెలు గాదు, ఫోటో పెట్టు," అని రాసింది. పెట్టాను. గోడకు ఆనించిన టేపు ఫోటో. ఎనిమిదడుగుల మూడంగుళాలు స్పష్టంగా కనిపించేటట్టు దగ్గర నుంచి తీశాను. అల్లుడు దానికి నమస్కారం పెట్టే చేతుల బొమ్మలు మూడు పంపాడు.

వర్షాకాలంలో స్లాబు పడింది. ఆ రోజు సుతారికి, కూలీలకు దావత్ ఇచ్చాం; నలభై రెండు మంది తిన్నారు. ఇరవై ఒక్క రోజులు స్లాబు మీద నీళ్లు నిలబెట్టాం. ప్రతి రోజూ స్కేలు ముంచి లోతు చూసేవాణ్ణి. "పెద్దసాబ్, అందులో చేపలు వెయ్యుండ్రి, లాభముంటది," అనేవాడు సుతారి.

లాభం అన్న మాట వచ్చింది కనుక మెట్ల విషయం చెప్పాలి. మా వైపు ఇంటి మెట్లు ఎలా లెక్కిస్తారో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మొదటి మెట్టు మీద కాలు పెడుతూ లాభం, రెండవదాని మీద నష్టం, మూడవదాని మీద లాభం అనుకుంటూ పోవాలి. చివరి అడుగు లాభంలో పడాలి. అంటే సంఖ్య బేసి కావాలి. ఆధారం ఏమిటని నన్ను అడిగితే చెప్పలేను. అంకెలున్న నమ్మకం కనుక నాకు నచ్చిందేమో. మా నాన్న ఇంటికి ఐదు మెట్లు ఉండేవి.

ముంగిలి నుంచి ఇంటి నేల వరకు ఎత్తు మూడడుగులు, అంటే ముప్పై ఆరు అంగుళాలు. ఆమెకు ఎంత ఎత్తు సాధ్యమో తెలిస్తే మిగిలింది భాగహారమే.

"ఎన్ని అంగుళాలైతే నీకు నొప్పి లేదు?" అని అడిగాను.

"నాకేమెరుక? కాలుకు టేపు కట్టుకోలే."

ఆమె లేచి, బీరువా తెరిచి, నా డైరీలు దించి గోడ పక్కన ఒకదానిమీద ఒకటి పేర్చింది. ఒక్కొక్క డైరీ మందం ముప్పావు అంగుళం. నాకు ప్రాణం పోయినంత పనైంది. పుస్తకాల మీద కాలు పెట్టవద్దన్నాను.

"ఇయేం సరస్వతి గాదు, చెరుకు బండ్ల నంబర్లు," అంది. అయినా పైదాన్ని ఒకసారి కళ్లకద్దుకొని మరీ కాలు పెట్టింది.

ఐదు డైరీల మీదికి పదిసార్లు ఎక్కింది. ఒక్కసారి కూడా చేయి గోడ మీదికి పోలేదు. ఆరో డైరీ పెట్టిన తరువాత మూడవసారికే పోయింది. ఐదు డైరీలంటే మూడు ముప్పావు అంగుళాలు. ఆరంటే నాలుగున్నర. రెండూ రాసుకున్నాను.

రాసుకొని లెక్కకు కూర్చున్నాను. ముప్పై ఆరును మూడు ముప్పావుతో భాగిస్తే కనీసం పది అడుగులు వేయాలి. పది నష్టం. పదకొండు చేద్దామంటే, కింద పది మెట్లు కట్టి పైన నేలను పదకొండవదిగా లెక్కించాలి. మెట్టుకు అడుగు వెడల్పు చొప్పున పదడుగుల ముంగిలి మొత్తం పోతుంది. గేటు తీయగానే మెట్టు తగులుతుంది. తొమ్మిదైతే ఎనిమిది మెట్లు, తొమ్మిదవది నేల; ఒక్కొక్కటి నాలుగంగుళాలు. జాగా సరిపోతుంది, లాభమూ వస్తుంది. అధికమైంది పావు అంగుళం మాత్రమే.

కాటా దగ్గర పావు కిలోను కూడా ఏముందిలే అనని వాణ్ణి, ఆ పూట పావు అంగుళాన్ని ఏముందిలే అనుకున్నాను. కాగితం మీద "తొమ్మిది, నాలుగంగుళాలు" అని రాశాను. ఆమెకు తొమ్మిది అని మాత్రం చెప్పాను.

అల్లుడు ఫోనులో ఒక సలహా ఇచ్చాడు: "మామా, మెట్లెందుకు? ర్యాంపు వేయిస్తే అయిపాయె గదా."

"అంగుళానికి అడుగు చొప్పున వాలు ఉండాలె. ముప్పై ఆరడుగుల పొడవు గావాలె. ముంగిలి పదడుగులు," అన్నాను.

వెనుక నుంచి నా భార్య అందుకుంది: "నేనేమన్న స్కూటర్‌నా, ర్యాంపు మీద ఎక్కనీకె?"

2023 నవంబరు పదిహేను, బుధవారం నాడు సిరిసిల్లలో అల్లుడు కొత్తగా రెండు మగ్గాలు బిగించి పూజ పెట్టుకున్నాడు. నేను రానన్నాను, మెట్లు కట్టే వారం అది. "నువ్వొక్కనాడు పోకుంటె గోడలు లేసి నడిచిపోవు," అని నా భార్య పంపించింది. పూజ జరుగుతుండగా సుతారి ఫోను చేశాడు.

"పెద్దసాబ్, ఇయ్యాల మెట్లు కడుతున్న. కాగితం ఏది?"

సంచి తెరిచి చూశాను. కాగితం నాతో పాటు సిరిసిల్లకు వచ్చేసింది. ఏ కాగితాన్నీ ఎన్నడూ చోటు తప్పనివ్వని మనిషి చేసిన పని అది.

"తొమ్మిది కట్టు, భాయ్. అన్నీ సమానంగ రావాలె," అన్నాను. పక్కన బిడ్డ హారతి పళ్లెం పట్టుకొని నిలబడి ఉంది. నాలుగంగుళాలని చెప్పలేదు.

మరునాడు కోరుట్లలో దిగి చూస్తే మెట్లు పూర్తయ్యాయి. చక్కగా, నున్నగా, దారం పట్టినట్టు ఉన్నాయి. లెక్కిస్తూ ఎక్కాను. తొమ్మిదవ అడుగు లాభం అని పడింది, కాని నేను ఇంకా మెట్ల మీదే ఉన్నాను. ఇంకొక అడుగు వేస్తే గాని నేల రాలేదు. నష్టం.

"పది కట్టినవేంది, భాయ్?"

"పదెక్కడియి? తొమ్మిదే. లెక్కవెట్టుండ్రి."

"నేలను కలిపితే పది."

"నేల మెట్టెట్లయితది, పెద్దసాబ్? నేల నేలనే, మెట్టు మెట్టే. మా మజీదు మెట్లెవ్వరు లెక్కవెట్టరు గని, ముప్పై ఏండ్ల సంది మీ ఇండ్లల్ల లాభం నష్టం అనుకుంట కట్టి కట్టి నాకు గూడ గీ రోగం వట్టింది. నేలను ఎవ్వరు కలుపరు. గల్లీ అంత తిరిగి అడుగుండ్రి."

అడగమన్నాడు కనుక అడిగాను. కోరుట్లలో మా వీధిలో, జగిత్యాలలో మా కిరాయి ఇంటి చుట్టూ, పన్నెండు రోజుల్లో ముప్పై ఒక్క ఇళ్లకు పోయి, మెట్లు లెక్కించి, నేలను కలుపుతారా లేదా అని విచారించాను. పదహారు ఇళ్లవారు కలుపుతామన్నారు. పద్నాలుగు ఇళ్లవారు కలపమన్నారు. ఒక ఇంట్లో బీడీలు చుడుతున్న ముసలామె తల ఎత్తకుండానే, "ఎక్కి వచ్చినవు గదా, ఇంక కూసో. నీళ్లు తాగుతవా?" అంది. ఆమెను ఏ వైపునా చేర్చలేకపోయాను.

పదహారు ఎక్కువ కనుక నా లెక్కే నిలిచిందని నిశ్చయించుకొని, ఒక మెట్టు పగలగొట్టి తిరిగి ఎనిమిదిగా సర్దమని సుతారికి చెప్పాను. ఆయన ఉర్దూలో ఏదో అని, తరువాత తెలుగులో, "రేపు గడ్డపార తెస్త," అన్నాడు.

ఆ పన్నెండు రోజులూ సాయంత్రపు లెక్కలో మెట్ల మాట ఎత్తలేదు. ఆ రోజు ఎత్తక తప్పలేదు. సుతారి పొరపాటున ఒకటి ఎక్కువ కట్టాడని, రేపు తీయిస్తానని చెప్పాను.

"ఇప్పుడొక్కోటి ఎంతున్నది?" అని అడిగింది.

"మూడు పాయింట్ ఆరు అంగుళాలు."

ఆమె వేళ్ల మీద ఏదో చూసుకుంది. "ఐదు డైరీలు మూడు ముప్పావంటివి. గిది దానికంటె తక్కువనే గదా?"

"తక్కువనే."

"మరి నువ్వు రాసిందెంత?"

నేను చెప్పాను.

"నాలుగా?" ఆమె గొంతు పెరగలేదు. "ఐదు డైరీలు దాటి రాసినవు. ఎందుకు?"

"లాభం రావాలని."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వులో కోపం ఎంతో, నవ్వు ఎంతో నేను విడదీయలేను.

"చెరుకు రైతుకు పావు కిలో తప్పనియ్యకపోతివి. ఇంటిదాని మోకాలుకు పావంగుళం తప్పిచ్చినవా? ఇను. ఆ మెట్ల మీద గడ్డపార వడ్డదంటె నేను రాను."

మరునాడు గడ్డపార భుజాన వేసుకొని వచ్చిన సుతారిని వెనక్కి పంపాను. ఆయన కారణం అడిగాడు. ఆమె మాటగా చెప్పాను. "అమ్మకు నా సలాం చెప్పుండ్రి," అన్నాడు.

ఆ తరువాత మెట్లు పదిగానే ఉన్నాయి. చివరి అడుగు నష్టంలో పడటం నా మనసుకు పట్టేది కాదు. అందుకని ఎనిమిదవ మెట్టు నుంచి తొమ్మిదవదాన్ని దాటి ఒకేసారి నేల మీదికి కాలు వేసేవాణ్ణి. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి రోజుకు నాలుగైదుసార్లు అలా గెంతడం చూసి రంగులు వేసేవాళ్లు పందెం కట్టుకున్నారని తరువాత తెలిసింది.

2024 జనవరి ఎనిమిది, సోమవారం నాడు మా వీధిలో కొత్త సిమెంటు రోడ్డు వేశారు. పాతదాని మీదే పోశారు. మా గేటు దగ్గర కొలిస్తే నాలుగంగుళాలు పెరిగింది. ముంగిలి అలాగే ఉంచితే వీధి నీళ్లన్నీ లోపలికి వస్తాయి కనుక దాన్నీ నాలుగంగుళాలు పోయించక తప్పలేదు. సుతారి కాంక్రీటు పోసి, బద్దతో లాగి, అంచున గొంతుక్కూర్చొని ఒక్కసారిగా ఆగిపోయాడు.

"పెద్దసాబ్! ఒక మెట్టు పోయింది!"

పోయింది. మూడు పాయింట్ ఆరు అంగుళాల మొదటి మెట్టు పూర్తిగా ముంగిట్లో కలిసిపోయింది. కాంక్రీటు గట్టిపడ్డాక నేను బయట నుంచి లెక్కిస్తూ ఎక్కాను. మిగిలిన మెట్లు ఎనిమిది. నేలను కలిపితే తొమ్మిది. చివరి అడుగు, గెంతకుండానే, లాభంలో పడింది. మొదటి అడుగు ఎత్తు కొలిచాను: మూడు పాయింట్ రెండు. మిగతావన్నీ మూడు పాయింట్ ఆరు. మొత్తం ముప్పై రెండు అంగుళాలు, సరిపోయింది.

నాకు సరిపోయింది కాని సుతారి ముఖం వాడిపోయింది. "మీకు మంచిగనే అయింది. నా హిసాబుల ఎనిమిదైనయి. నేను కట్టిన ఇల్లు నష్టంల ఉండుడేంది?" ఆయన నిజంగానే బాధపడ్డాడు. మరొక మెట్టు చేరుస్తానన్నాడు. నేను వద్దన్నాను. తగువు మళ్లీ మొదలయ్యేటట్టు ఉంటే ఆమెకు ఫోను కలిపి స్పీకరు పెట్టాను. ఇద్దరం చెప్పింది ఆమె విన్నది.

"భాయ్, నీ లెక్కల నేలను ఇడిసిపెట్టి గడపను కలుపుకో, తొమ్మిదైతది. ఆయన నేలను కలుపుకుంటడు. నా లెక్క నా మోకాలు చూసుకుంటది. ఇగ పని కానియ్యుండ్రి."

గడప దాటడం కూడా ఎక్కడమే కదా అని సుతారి ఒప్పుకున్నాడు. వెళ్లి గడప మీద చేయి పెట్టి, "తొమ్మిది," అని పైకి అని వచ్చాడు.

గృహప్రవేశం 2024 ఫిబ్రవరి ఇరవై రెండు, గురువారం. ఆకాశం నిర్మలం, ఉష్ణోగ్రత ఇరవై రెండు డిగ్రీలు. తెల్లవారగానే జగిత్యాలలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి అల్లుడూ పక్కవాటా ఆయనా ఇరవై రెండు మెట్లు దించారు. "దించుతె దించుండ్రి. అక్కడ ఎక్కేటప్పుడు మాత్రం ఎవ్వలన్న ముట్టుకుంటె ఊకోను," అని ముందే చెప్పింది.

కోరుట్లలో కారు దిగి ఆమె మొదట చూసింది ఇంటిని కాదు, జామచెట్టును. తరువాత బిడ్డ చేతిలోని పాలగిన్నె అడిగి తీసుకుంది.

"అమ్మా, గిన్నె నేను వట్టుకుంట. నీ చేతులు ఖాళీగుంటె గోడన్న వట్టుకుంటవు," అంది బిడ్డ.

"అందుకే అడుగుతున్న," అంది ఆమె.

రెండు చేతులతో గిన్నె పట్టుకొని ఎనిమిది గంటల ఇరవై రెండు నిమిషాలకు మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నేను ముంగిట్లో గడియారం పట్టుకొని నిలబడ్డాను. మూడవ అడుగు దగ్గర ఆగింది. బిడ్డ చేయి చాపింది. "చెయ్యి తియ్యి, బిడ్డా." చేయి వెనక్కిపోయింది. ఆరవ అడుగు దగ్గర మళ్లీ ఆగింది. సుతారి తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నాకు లాభం ఎక్కడ ఉందో, నష్టం ఎక్కడ ఉందో లెక్క తప్పింది. జీవితంలో మొదటిసారి మధ్యలో అంకె మరిచిపోయాను. ఏడు, ఎనిమిది అని సుతారే పైకి అన్నాడు. తొమ్మిదవదాన్ని, నేల మీద కాలు పెడుతూ, ఆయనే అన్నాడు. తన లెక్కలో నేల లేదన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తులేదు.

ఆమె గడప ముందు నిలబడి వెనక్కి తిరిగింది. "ఎంతయింది?" అని నన్ను అడిగింది.

ఆ రోజు డైరీలో రాసినదే ఇక్కడ రాస్తున్నాను. ముగ్గు పోసిన రోజును కూడా కలిపితే పట్టిన రోజులు మూడు వందల ఎనభై ఆరు. మెట్లు ఎనిమిది, నేలను కలిపితే తొమ్మిది. ఆగినది రెండుసార్లు. పట్టిన సమయం ఒక నిమిషం పన్నెండు సెకన్లు. పట్టుకున్న చేతులు సున్నా.